మాట వెనుకనున్న మర్యాద

మానవుడు మాటలాడునపుడు రెండు వ్యాకరణములకు లోబడి వర్తించుచున్నాడు. మొదటిది పాఠశాలలో నేర్పబడునది. పదములకును, విభక్తులకును, క్రియలకును సంబంధించినది. రెండవది ఏ గ్రంథమునందును వ్రాయబడి యుండలేదు. ఎవరిని ముందుగా పలుకరింపవలెను, ఎవరిని పేరుపెట్టి పిలువరాదు, ఎంత గట్టిగా మాటలాడవలెను, ఎంతసేపు ఊరకుండవచ్చును, కాదనదలచినపుడు ఏమి చెప్పవలెను అను నీ విషయములన్నియు శిశువు తల్లి యొడియందే నేర్చుకొనును, నేర్చుకొన్నట్లు తానెరుగడు. మొదటి వ్యాకరణమున తప్పినవానిని పరభాషవాడని జనులు క్షమింతురు. రెండవదానియందు తప్పినవానిని క్షమింపరు. గర్వి యనియు, మోటవాడనియు, కపటి యనియు తలంతురు. అది భాషాదోషముగా గాక స్వభావదోషముగా తోచును. ఇందుండియే ఒక ధర్మసందేహము పుట్టుచున్నది. వాక్కుయొక్క మంచిచెడ్డలు పలికిన మాటయందున్నవా, పలికినవాని హృదయమునందున్నవా, లేక విన్నవాని మనస్సునందున్నవా?

ఈ ప్రశ్నకు తపతీనదీ తీరమందలి సూరతు నగరము మంచి పరీక్షాస్థలము. మొగలాయీల కాలమున నది పశ్చిమతీరపు గొప్ప రేవుపట్టణము. మక్కాయాత్రికులు అచటనే ఓడ లెక్కెడివారు. ఆంగ్లేయులు, డచ్చివారు, పరాసులు అచట వర్తకశాలలు నెలకొల్పిరి. నేడది పట్టువస్త్రములకు బదులు కృత్రిమనూలు వస్త్రములకును, వజ్రములను సానపట్టుటకును లోకప్రసిద్ధమైనది. సౌరాష్ట్రము నుండి వజ్రపు పనివారును, గంజాము జిల్లా నుండి ఒడియా కార్మికులును, ఖాందేశము నుండి మరాఠీవారును, ఉత్తరదేశపు హిందీవారును అచటికి చేరిరి. తెలంగాణపు పద్మశాలీలు వేలకొలది కుటుంబములుగా వెడలి, మరమగ్గముల కార్ఖానాలలో కుదురుకొనిరి. ఆ నగర పురపాలకసంఘము నడపిన ప్రాథమిక పాఠశాలలలో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా మాధ్యమములతోపాటు తెలుగు మాధ్యమమును గలదు. ఒకే వీధిలో ఇన్ని రెండవ వ్యాకరణములు కలిసి కాపురము చేయుచోట అపార్థములు పుట్టకుండుట యెట్లు?

సూరతువాసుల పలుకుబడికి గుజరాతు దేశమంతట ఒక ప్రసిద్ధి గలదు. తిట్టుమాటలు వారి సంభాషణలో ఉప్పువలె కలిసియుండును. చిరకాలమునకు కనబడిన మిత్రుని ఒక తిట్టుతో కౌగిలించుకొందురు. వంట బాగున్నదని ఒక తిట్టుతో మెచ్చుకొందురు. వాన రాలేదని ఆకాశమునే తిట్టుదురు. అందు ద్వేషము లేదని అచటివారందరును ఎరుగుదురు. ఇతర గుజరాతీలు దీనిని చెప్పుకొని నవ్వుకొందురు.

ఇట్టిచోటికి ఒక తెలుగు నేతగాడు క్రొత్తగా వచ్చెనని ఊహింపవచ్చును. స్వగ్రామమున పెద్దలయెదుట తలవంచి మాటలాడుట నేర్చినవాడు. కార్ఖానాలో సాంచాలు మ్రోగుచుండగా చెవిలో అరచినగాని మాట వినబడదు. ప్రక్కమగ్గముపై నున్న సూరతీ కార్మికుడు, పడుగుపోగు తెగినదని హెచ్చరించుటకై, ఒక తిట్టు చేర్చి కేక వేసెను. అతడు చేసినది ఉపకారము. వినినవానికి మాత్రము తన తల్లిని అవమానించినట్లు తోచెను. అతడు మారుపలుకలేదు, ఆ దినము మొదలు మాటలాడుట మానెను. సూరతీవాడు ఆ మౌనమును చూచి, ఈ తెలుగువాడు గర్విష్ఠుడని తలంచెను. తెలుగువాడు అతడు నీచుడని తలంచెను. ఇరువురును మంచివారే, ఇరువురును తమ మర్యాదను తప్పక పాటించినవారే. అయినను ఒక స్నేహము పుట్టకముందే చచ్చిపోయినది.

తెలుగువారు కొంచెము ఆలోచించినచో తిట్టునందు ప్రేమ యుండగలదనుట తమకును క్రొత్తకాదని గ్రహింపగలరు. పెండ్లిండ్లలో వియ్యాలవారిని ఎత్తిపొడుచు పాటలు ఆంధ్రదేశమున పాడని ఊరు లేదు. గుజరాతీల వివాహములందును అట్టి పాటలే గలవు. వానిని 'ఫటాణా' లందురు. బావామరదళ్ల మేలము తెలుగిండ్లలో తప్పుకాదు, ముచ్చట. అయితే ఇచట మేనరికము వాడుకలో నుండుటచే మేనమామ కూతురు మరదలు. గుజరాతీ హిందువులలో సాధారణముగా అట్టి వివాహములు లేవు గనుక ఆమె సోదరి. ఒకచోట చెల్లునట్టి పరిహాసము మరియొకచోట మహాపరాధమగును. కావున పరిహాసమునకు చోటీయని జాతి లేదు. ఆ చోటికి వేసిన కంచెలే వేరు. తెలుగువాడు దానిని పెండ్లిపందిరికిని, మేనబంధువులకును పరిమితము చేసెను. సూరతువాడు వీధిలోనికి విడిచెను. తన కంచెను తాను చూడలేనివాడు ఎదుటివానికి కంచెయే లేదని భ్రమించును.

భారతీయ శాస్త్రకారులు ఈ విషయము నెరుగనివారు కారు. పదమునకు వాచ్యార్థము, లక్ష్యార్థము, వ్యంగ్యార్థము అని మూడు విధములుగ అర్థము చెప్పిరి. కావ్యప్రకాశకర్త మమ్మటుడు వ్యంగ్యార్థమునకు కారణములను లెక్కించుచు, పలుకువానిని, వినువానిని, కంఠస్వరభేదమును, దేశమును, కాలమును పేర్కొనెను. ప్రొద్దు గ్రుంకినదను ఒక్కమాట బ్రహ్మచారికి సంధ్యావందనమును, గొల్లవానికి ఆలమందను, దొంగకు తన చేష్టను జ్ఞప్తికి తెచ్చును. సైంధవము తెమ్మని భోజనసమయమున అన్నచో ఉప్పు తేవలెను. ప్రయాణసమయమున అన్నచో గుఱ్ఱమును తేవలెను. మాటను విని తాత్పర్యమును గ్రహింపనివాడు, విందుకు కూర్చున్న యజమానుని యెదుట గుఱ్ఱమును నిలిపినవానివంటివాడు. శాస్త్రమున నవ్వు పుట్టించు నీ యుదాహరణము జీవితమున కన్నీరు పుట్టించుచున్నది.

సూరతు చరిత్రయందే ఇందుకు రెండు దృష్టాంతములు గలవు. 1615వ సంవత్సరము సెప్టెంబరు మాసమున ఆంగ్లభూపతి మొదటి జేమ్సు పంపిన రాయబారి సర్ థామస్ రో, జహంగీరు చక్రవర్తిని దర్శింపవచ్చి, సూరతు సమీపమునందలి సువాలీ రేవులో దిగెను. నగరాధికారులు గుడారమున తివాచీలపై కూర్చుండి యాతనికై వేచియుండిరి. వారు లేవకుండుట చూచి రో నడుమనే నిలిచి, కూర్చుండియే యున్నచో తాను ముందునకు రానని కబురంపెను. వారు లేచిరి. అటుపిమ్మట రేవులో దిగినవారిని సోదాచేయు ఆచారమును గూర్చి వివాదము చెలరేగెను. రాజప్రతినిధి దేహమును తడవుట రాజునకే అవమానమని అతడు వాదించెను. ఓడదిగిన ప్రతివానిని తడవి చూచుట తమ విధియని వారు వాదించిరి. అంతకుముందు వచ్చిన ఆంగ్లవర్తకులలో కొందరు తామే రాయబారులమని చెప్పుకొనియుండుటచే, ఈతడును అట్టివాడే యని వారు తలంచుటకు కారణము లేకపోలేదు. ఈ వృత్తాంతమును రో తన దినచర్యయందు వ్రాసికొనెను. తివాచీలపై కూర్చున్నవారి పక్షమున చెప్పువా డందు లేడు. లేచి నిలుచుట గౌరవమని ఒకడు, ఎదురేగి గుడారము వేయించుటయే గౌరవమని మరియొకడు తలంచియుండవచ్చును. పట్టుబట్టి లేపినచో మనుష్యుని దేహము లేచును, గౌరవము లేవదు.

రెండవ దృష్టాంతము మరింత విచారకరమైనది. ఏలయన అందు పాల్గొన్నవారు పరదేశీయులు కారు, ఒకే మాతృభూమిని కొలుచువారు. 1907 డిసెంబరులో సూరతునందు కాంగ్రెసు మహాసభ జరిగెను. రాసవిహారీ ఘోషు అధ్యక్షుడు. తనకు మాటలాడుట కవకాశ మిమ్మని బాలగంగాధర తిలకు చీటి వ్రాసి పంపెను, ప్రత్యుత్తరము రాలేదు. డిసెంబరు 27వ తేదీన ఆయన వేదిక నెక్కి మాటలాడ నిలిచెను. చీటి పంపితిని గనుక మాటలాడు హక్కు నాకు గలదని ఆయన భావము. అధ్యక్షుడు పీఠమును స్వీకరించిన పిదప అందుకు తావులేదని వేదికమీదివారి భావము. అంతలో సభలోనుండి ఎవరో విసరిన చెప్పు సురేంద్రనాథ బెనర్జీని, ఫిరోజిషా మెహతాను తాకెను. సభ చెదరెను. ఆ రెండు పక్షములును మరల ఒక్కటియగుటకు 1916లో లక్నో సభ వరకు, అనగా తొమ్మిది సంవత్సరములు, వేచియుండవలసివచ్చెను. రాజకీయ కారణములు లోతైనవే. కాని వానికి నిప్పంటించినది ఒక చీటికి జవాబు రాకపోవుట. మౌనము అర్ధాంగీకారమని తెలుగువారందురు. మౌనమే నిరాకరణమని తలంచువారును గలరు. మౌనము తిరస్కారమని బాధపడువారును గలరు. నోరు మెదపకుండుటయు ఒక మాటయే. దానికిని భాష్యము కావలెను.

అయితే పలుకని భాషయంతయు కలహమునకే దారితీయునా? పదునేడవ శతాబ్దమున సూరతునకు పలుమారులు వచ్చిన పరాసు రత్నవర్తకుడు తావెర్నియే దక్కను వజ్రపుగనుల యొద్ద ఒక వింత బేరమును చూచి వర్ణించెను. అమ్మువాడును కొనువాడును ఎదురెదురుగ కూర్చుండి, నడికట్టు చాటున చేయి చేయి పట్టుకొందురు. చేయంతయు పట్టినచో వేయి. ఐదు వ్రేళ్లు పట్టినచో ఐదువందలు. ఒక వ్రేలైన నూరు. చుట్టును వర్తకులు చూచుచుండగనే, పెదవి కదలకుండ, ఎవరికిని తెలియకుండ బేరము ముగియును. ఇచట మౌనము అపార్థమునకు గాక విశ్వాసమునకు నెలవైనది. కారణమేమి? చేయి పట్టిన ఇరువురకును ఆ సంకేతము తెలియును. తెలియునని ఇరువురకును తెలియును. పలుకని నియమములందు దోషము లేదు. ఎదుటివాడు కూడ వానిని ఎరుగునని విచారింపకయే నమ్ముటయందు దోషమున్నది.

ఇక ధర్మవిచారము. ధర్మశాస్త్రములు సామాన్యధర్మమని, దేశాచారమని విభజించి చెప్పినవి. సత్యము, అహింస మొదలగునవి సర్వులకును సామాన్యములు. నమస్కరించు విధము, సంబోధించు తీరు, స్వరముయొక్క హెచ్చుతగ్గులు దేశాచారములు. ఈ విభాగమును మరచినచో రెండు విధములగు తప్పులు కలుగును. తన దేశాచారమునే సామాన్యధర్మమని భ్రమించి, దానిని పాటింపని వానిని అధర్ముడని నిందించుట మొదటి తప్పు. తెలుగు నేతగాడు చేసినది ఇది. అంతయు దేశాచారమేయని చెప్పి, సామాన్యధర్మమును కూడ గాలికి వదలుట రెండవ తప్పు. మా ఊరిలో ఇట్లే మాటలాడుదుము, నొచ్చుకొన్నచో నీదే లోపము అని చెప్పువాడు చేయునది ఇది. మొదటివాడు సంకుచితుడు, రెండవవాడు కఠినుడు.

గీతయందు పదునేడవ అధ్యాయమున భగవానుడు వాక్కునకు సంబంధించిన తపస్సును నిరూపించెను. ఎదుటివానికి ఉద్వేగము కలిగింపనిది, సత్యమైనది, ప్రియమైనది, హితమైనది యగు పలుకును, స్వాధ్యాయాభ్యాసమును ఆ తపస్సునకు లక్షణములు. ఇందు మొదట చెప్పబడిన లక్షణమును పరిశీలింపవలెను. సత్యము పలుకువానియందున్నది, హితము ఫలమునందున్నది, ఉద్వేగమో, వినువాని హృదయమునందున్నది. వినువాడెవడో, ఏ మాటకు వాని మనస్సు కలగునో ఎరుగనిదే ఈ తపస్సును ఆచరించుట సాధ్యము కాదు. కావున ఎదుటివాని మర్యాదను నేర్చుకొనుట లౌకికుల నేర్పు మాత్రము గాదు; వాఙ్మయతపస్సునకు అది మొదటిమెట్టు. నా మనస్సున కల్మషము లేదని చెప్పి తప్పించుకొనుటకు ఈ ఉపదేశము చోటీయదు. తెలియక పలికినది పొరపాటు. ఎదుటివాడు నొచ్చెనని తెలిసిన పిదప అదే మాటను మరల పలుకుట హింస.

ప్రేమతోనే తిట్టితినని చెప్పువానిని పరీక్షించుటకు రెండు గీటురాళ్లు గలవు. ఆ మాట ఇరువైపుల నడచునా? కార్ఖానా శేఠు నేతగాని నన్నమాటను నేతగాడు శేఠును అనగలిగినచో, శేఠు నవ్వి భుజము తట్టగలిగినచో, అది స్నేహమే కావచ్చును. అట్లుగాక, క్రిందినుండి పైకి పోలేని మాట పైనుండి క్రిందికి మాత్రము దిగుచున్నచో, అది ప్రేమ గాదు. అధికారము ప్రేమవేషము ధరించినది. ఇది సూరతుకే గాదు, నౌకరును 'ఒరే' యని పిలిచి, అది చనువని చెప్పుకొను తెలుగింటి యజమానునికిని వర్తించును. రెండవ గీటురాయి, అచటలేనివారిని గూర్చినది. తిట్లలో పెక్కింటికి లక్ష్యము తిట్టుతినువాడు గాదు, వాని తల్లి, వాని సోదరి. పలుకువాడును వినువాడును నవ్వుకొన్నను, ఆ స్త్రీల సమ్మతిని అడిగినవారెవరు? ఏ దేశాచారమును ఈ దోషమును కడుగజాలదు. దేశాచారము పలికినవాని పగను తుడిచివేయగలదు గాని, పలుకబడినదాని యర్థమును తుడిచివేయలేదు.

పలుకువానికి ఇంత కఠినమగు నియమము విధించినపుడు, వినువానికి ఏ నియమమును లేదా? ఉన్నది, అది ఇంకను ఉన్నతమైనది. శ్రీరామకృష్ణ పరమహంస కామార్పుకూరు పల్లెపట్టున పలుకబడు మోటుభాషలోనే మాటలాడెడివారు. నాగరికులగు కలకత్తా విద్వాంసులు ఆ భాషలోనే బ్రహ్మవిద్యను విని ధన్యులైరి. నాటకశాలయందు ఒకమారు గిరీశచంద్ర ఘోషు మద్యపు మత్తులో ఆయనను నోటికివచ్చినట్లు దూషించెను. భక్తులు మండిపడిరి, అట్టివాని మొగము చూడరాదనిరి. రామచంద్ర దత్తు మాత్రము కాళీయుని కథను జ్ఞప్తికి తెచ్చెను: నీవు నాకిచ్చినది విషమే, అమృత మెక్కడనుండి తెచ్చి నీకర్పింతునని ఆ సర్పము కృష్ణునితో చెప్పుకొన్నది గదా, గిరీశుడును తనయొద్ద నున్నదానినే సమర్పించెననెను. పరమహంస వెంటనే బండి నెక్కి గిరీశుని యింటికి తరలిపోయిరి. ఆయన ఆ దూషణమును మర్యాదయని అంగీకరింపలేదు. గిరీశుని నోటిని గాక, ఆ నోటివెనుక ఏడ్చుచున్న హృదయమును వినిరి. గిరీశుని జీవితమే మారిపోయెను. అయితే ఇట్టి సహనమును తనకు తాను విధించుకొనవలెనే గాని, బాధపడిన యితరులకు బోధించుటకు ఎవరికిని అధికారము లేదు. తనకు తగిలిన మాటను క్షమించుట తితిక్ష. పరులకు తగిలిన మాటను క్షమింపుమనుట ఉదాసీనత.

ఇట్లు పలుకువానికి జాగరూకతయు, వినువానికి ఉదారతయు విహితములు. లోకులు సాధారణముగా దీనిని తారుమారు చేయుదురు. తాము పలుకునపుడు వినువానినుండి ఉదారతను కోరుదురు. తాము వినునపుడు పలుకువానినుండి జాగరూకతను కోరుదురు. తన ధర్మమును పరునిపై మోపుటయే సంభాషణయందలి సకలకలహములకును మూలము.

ఆచారభేదముల క్రింద ఒక ఏకత్వము లేకపోలేదు. గుజరాతీ స్త్రీని, పరిచయము లేకున్నను, పేరుచివర 'బెన్' అని చేర్చి పిలుతురు. పురుషుని 'భాయి' అందురు. తెలుగువాడు అపరిచితురాలిని, ఆమె చిన్నదైనను, 'అమ్మా' యని పిలుచును. తోటివానిని 'అన్నా' యనును. 1893 సెప్టెంబరు 11వ తేదీన చికాగో సర్వమతసభయందు వివేకానందస్వామి అమెరికనులను సోదరీసోదరులారా యని సంబోధించినపుడు సభయంతయు లేచి కరతాళధ్వనులు చేసినది. సూరతు బజారులో కూరగాయలమ్మునది దినమునకు నూరుమారులు పలుకు మాటయే యది. వీధిలో అలవాటుచే అర్థము నశించిన ఆ పిలుపునకు స్వామి హృదయము మరల అర్థమును పోసినది. గుజరాతీలు సెలవు తీసికొనునపుడు 'ఆవజో', అనగా రండి యందురు. తెలుగువారు 'పోయి వత్తును' అందురు. పోవుచున్నానను మాట ఇరువురకును అమంగళము. ఎడబాటును నోట పలుకలేని సుకుమారత రెండుచోట్లను ఒక్కటియే.

సూరతునందలి ఆ తెలుగు నేతగాడు, ఆ సూరతీ కార్మికుడు మరల మాటలాడుకొనుట కేమి కావలెను? గొప్ప తత్త్వము అక్కరలేదు. ఒకడు, "నీవన్నమాట మా ఊరిలో అనరాదు, దాని భావమేమి?" అని అడుగవలెను. రెండవవాడు, "నీవు నొచ్చుకొందువని ఎరుగనైతిని" అని చెప్పవలెను. అడుగుటకు అహంకారమును, చెప్పుటకు మొగమాటమును కొంచెము విడువవలెను; అంతియే. నోరు మంచిదైనచో ఊరు మంచిదను సామెత తెలుగువారి కందరకును కంఠస్థమే. పరదేశమున కాపురముండువానికి దానితోపాటు మరియొక నియమమును కావలెను: చెవి మంచిది కావలెను. విన్నవెంటనే తీర్పుచెప్పక, పలికినవాని ఊరేదో, వాని తల్లి వానికేమి నేర్పెనో ఒక్కక్షణము విచారించుట అభ్యసింపవలెను. ఆ ఒక్కక్షణము నిలువగలిగిన సాధకునికి నాలుకను నిగ్రహించుట సులభమగును. ఆ క్షణమునకు ఓపిక లేనివాడు ఎన్నిభాషలు నేర్చినను ఒంటరివాడే.